జాకెట్ తరహా బీసీడీ: సముద్రానికీ, సాగర్ నీటికీ

స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్న మన నల్లగొండ యువతకు నేను వాడుతున్న జాకెట్ తరహా బీసీడీనే (గాలి నింపి, వదిలి నీటిలో తేలడాన్ని అదుపు చేసుకునే తొడుగు) సూచిస్తాను. వీపు వెనుక మాత్రమే గాలి నిండే రకం నీటి అడుగున శరీరాన్ని చక్కగా అడ్డంగా నిలుపుతుంది కానీ, పైకి వచ్చాక గాలి ఎక్కువైతే ముఖాన్ని నీటివైపు తోస్తుంది. జాకెట్ మాత్రం మనిషిని నిటారుగా తేలుస్తుంది, అలసిన కొత్తవారికి అదే పెద్ద అండ.

కొనేముందు వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే డైవింగ్ దుస్తులు) మీద తొడిగి, అదనపు గాలి కవాటం నుంచి బుస్సుమని బయటికి వచ్చేదాకా నింపి చూడాలి. అప్పుడు పక్కటెముకలు బిగుసుకుని ఊపిరి ఆడకపోతే ఆ కొలత మనది కాదు. తేల్చే సామర్థ్యం ఎంత ఎక్కువుంటే అంత మేలనుకోవడం పొరపాటు, ఎందుకంటే పెద్ద సంచిలో గాలి అటూ ఇటూ కదిలి నిలకడను చెడగొడుతుంది.

సముద్రపు నీరు మంచినీటికన్నా సుమారు 2.5 శాతం సాంద్రమైనది కనుక, నాగార్జునసాగర్ వంటి జలాశయంలో అనుమతితో దిగేటప్పుడు, సామగ్రితో కలిపి 80 కిలోలుండే మనిషి మునగడానికి నడుముకు కట్టే బరువులో దాదాపు 2 కిలోలు తగ్గించుకోవాలి.

ఈ జాకెట్‌లో నాకు నచ్చనిది భుజం దగ్గరి గాలి వదిలే తాడు. దాని గుండీ మరీ చిన్నది, చేతి తొడుగులతో దొరకదు. వాడాక లోపలా బయటా కడగాలి, అయితే మా బోరు నీళ్లు ఆరితే కవాటాలపై తెల్లటి పొర కడుతుంది కాబట్టి, చివరిగా ఫిల్టర్ నీటితో కడగడం తప్పనిసరి.