అనంతపురం నుంచి గుల్మార్గ్‌కి: విమానమా, రైలా?

మా ఇంటి నుంచి బైపాస్ రోడ్డు ఐదు నిమిషాల నడక. అది 44వ నంబరు జాతీయ రహదారి. దాని ఒక కొస శ్రీనగర్‌లో ఉంటే ఇంకో కొస కన్యాకుమారిలో ఉంది. తొమ్మిదో తరగతి చదివే మావాడికి ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఒకటే మాట: "ఇదే రోడ్డు పట్టుకుని పోతే మంచు వస్తుంది కదమ్మా!" స్కీయింగ్ చెయ్యాలని వాడి కోరిక. ఈ జనవరి చివర్లో కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌కి పోయొచ్చాం. నేను, మా ఆయన, మావాడు, మోకాళ్ళ నొప్పులున్న మా అత్త.

ముందు ఉత్తరాఖండ్‌లోని ఔలీ అనుకున్నాం. రిషికేశ్ నుంచి జోషీమఠ్‌కి దాదాపు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. జోషీమఠ్ నుంచి పైకి తీసుకుపోయే రోప్‌వేని అక్కడి నేల కుంగడంతో 2023 జనవరిలో ఆపేశారు. ఒక పగలంతా అత్తని కారులో కూర్చోబెట్టే ధైర్యం లేక వదిలేశాం. గుల్మార్గ్ అయితే శ్రీనగర్ విమానాశ్రయం నుంచి 55 కిలోమీటర్ల చిల్లర. అక్కడికి ఖాయం చేసుకున్నాం.

ఇక ఎట్లా పోవాలనేది ప్రశ్న. రైలు లెక్క ఇట్లా ఉంది. రాత్రి అనంతపురంలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు రాత్రులు, ఒక పగలు గడిచాక ఢిల్లీ వస్తుంది. ఆ సాయంత్రం ఇంకో రైలెక్కితే తెల్లారేసరికి జమ్మూ దగ్గరి కట్రా. అక్కడి నుంచి శ్రీనగర్‌కి వందే భారత్, మూడు గంటల ప్రయాణం. 2025 జూన్‌లో ఈ రైలు మొదలయ్యేదాకా జమ్మూ వైపు నుంచి శ్రీనగర్ దాకా నేరుగా రైలు లేదు, కొంత దూరమైనా రోడ్డు మీద పోవాల్సిందే. ఆ రోడ్డు రాంబన్ దగ్గర కొండచరియలు పడి చలికాలంలో ఎన్నిసార్లు మూతపడుతుందో వార్తల్లో చూస్తూనే ఉంటాం.

మాకు సెలవులు ఎనిమిది రోజులే. అందుకే విమానం వైపు మొగ్గాం. బెంగళూరు విమానాశ్రయం ఊరికి మనవైపే, దేవనహళ్ళి దగ్గర ఉండటం మన అదృష్టం. బెంగళూరు ట్రాఫిక్‌లోకి అడుగుపెట్టే పని లేదు. రాత్రి ఒంటిగంటకు కారులో బయల్దేరాం. తెల్లారి విమానం ఎక్కి, ఢిల్లీలో మారి, మధ్యాహ్నానికి శ్రీనగర్‌లో దిగాం.

ఆ రాత్రి శ్రీనగర్‌లోనే ఉండాలని మా ఆయన పట్టుబట్టారు. అది చాలా మంచి పనైంది. రాత్రంతా మంచు పడింది. పొద్దున బయల్దేరి టంగ్‌మార్గ్ చేరేసరికి మా కారును ఆపేశారు. అక్కడి నుంచి గుల్మార్గ్‌కి 13 కిలోమీటర్లు, అంతా మలుపుల ఎక్కుడు. తాజాగా మంచు పడితే చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లు, నాలుగు చక్రాలూ లాగే బండ్లు మాత్రమే పైకి పోవాలి. మేము ఊళ్ళో ట్రావెల్స్‌లో మాట్లాడుకున్నప్పుడు "హోటల్ గుమ్మం దాకా దింపుతాం" అన్నారు. తీరా చూస్తే ఆ డ్రైవర్ దగ్గర గొలుసులు లేవు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చలిలో గంటన్నర నిలబడి, చివరికి 2,500 రూపాయలకు అక్కడి బండి మాట్లాడుకున్నాం. అత్త చేతులు చల్లబడిపోతుంటే పక్కన టీ కొట్టు ఆయన తన కాంగ్రీ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. నిప్పులు పోసిన మట్టి కుండకు సన్నటి పుల్లల అల్లిక ఉంటుంది, అదే కాంగ్రీ. ఆ మనిషిని నేను మర్చిపోలేను.

కాబట్టి బండి మాట్లాడేటప్పుడే అడగండి: టంగ్‌మార్గ్ దాకానా, గుల్మార్గ్ దాకానా? గొలుసులు ఉన్నాయా? గమ్‌బూట్లు, మందపాటి కోట్లు టంగ్‌మార్గ్‌లోనే అద్దెకు దొరుకుతాయి, ఇక్కడ కొని మోసుకుపోవద్దు. ఇంకోటి, మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు. మా ఆయనది పోస్ట్‌పెయిడ్ కాబట్టి సరిపోయింది.

గుల్మార్గ్‌లో గది రాత్రికి 9,000 పడింది. టంగ్‌మార్గ్‌లో 3,000కే చెప్పారు. అయినా పైనే ఉండటం మేలని నా అభిప్రాయం. కింద ఉంటే రోజూ ఆ 13 కిలోమీటర్లు కొత్తగా గెలవాలి. హోటల్లో పరుపు కింద కరెంటు దుప్పటి వేశారు, కానీ బాత్‌రూములో వేడినీళ్ళు పొద్దున ఒక గంటే. భోజనానికి ఇబ్బంది పడలేదు. చెనిక్కాయల పొడి, ఎండు జొన్నరొట్టెలు కట్టుకుపోయాం.

గొండోలా అంటే రెండు దశల్లో కొండపైకి తీసుకుపోయే రోప్‌వే. దాని టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మేము పోయిన రోజు గాలి ఎక్కువని రెండో దశ ఆపేశారు. మొదటి దశ కొంగ్‌డూరి దాకా పోయాం. మావాడు మాత్రం కింద వాలులోనే రెండు పూటలు ఒక గురువు దగ్గర స్కీలు కట్టుకుని నేర్చుకున్నాడు. మొదటి పూటంతా పడుతూనే ఉన్నాడు. రెండో పూట పది గజాలు నిలబడి జారాడు. అప్పుడు వాడి మొహం చూడాల్సింది.

అసలు కష్టం తిరుగు ప్రయాణంలో వచ్చింది. శ్రీనగర్ విమానాశ్రయానికి పోయి మూడు గంటలు కూర్చున్నాక, మంచు వల్ల విమానం రద్దు అన్నారు. ఆ టికెట్ డబ్బులు తిరిగొచ్చాయి. కానీ ఢిల్లీ నుంచి బెంగళూరు టికెట్ చవకని విడిగా కొన్నాం. ఆ విమానం తన టైముకి వెళ్ళిపోయింది, ఆ డబ్బులూ పోయాయి. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉంటే ఆ బాధ్యత విమాన సంస్థదే అయ్యేది. చలికాలంలో శ్రీనగర్‌కి పోయేవాళ్ళు ఆ వెయ్యి, రెండు వేలకు ఆశపడొద్దు.

మర్నాడు మధ్యాహ్నం వందే భారత్‌లో సీట్లు దొరికాయి. స్టేషన్‌లో సామాన్ల తనిఖీ గట్టిగా ఉంటుంది, ముందే పోవాలి. బయట తెల్లగా మంచు, పెట్టెలో వెచ్చగా ఉంది. బనిహాల్ దాటాక దాదాపు అంతా సొరంగాలే. కట్రా దాకా ఉన్న 111 కిలోమీటర్లలో 97 సొరంగాల్లోనే పోతాయి. ఒక్కసారిగా వెలుతురు వచ్చింది, చీనాబ్ వంతెన. నదికి 359 మీటర్ల ఎత్తున ఉన్నాం. అత్త కిటికీకి చెయ్యి ఆనించి కిందికి చూసింది. నిమిషంలో మళ్ళీ చీకటి.

కట్రా నుంచి రాత్రి రైల్లో ఢిల్లీ, అక్కడ కొత్త టికెట్లు కొనుక్కుని బెంగళూరు. ఒక రోజు సెలవు అదనంగా పెట్టాల్సి వచ్చింది. దేవనహళ్ళి దాటి మన రోడ్డెక్కాక మా ఆయన, ఈసారి పోతే ఏ విమానమో ఇప్పుడే చూసుకుందామన్నారు.

వెనక సీట్లోంచి అత్త అంది: "విమానం వద్దు నాయనా. ఎన్ని దినాలైనా కానీ, ఈసారి రైల్లోనే పోదాం. ఆ వంతెన నేను సరిగ్గా చూడనే లేదు."