ఐస్ హాకీ స్కేట్లు కొంటున్నారా? బూటు నంబరు ఒక్కటే అడిగేవాళ్ల దగ్గర కొనకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పిల్లలకు ఐస్ స్కేట్లు తెప్పించుకునేవాళ్లు చాలా తక్కువ. ఆ కొద్దిమందికీ తొడిగి చూసి కొనుక్కునే షాపు దగ్గరలో లేదు. ఫోన్‌లో మాట్లాడి, డబ్బు పంపి, పార్శిల్ కోసం ఎదురుచూడాల్సిందే. అందుకే ఇది రాస్తున్నాను. నాకు 37 వేల రూపాయలు పోయాయి. ఆ డబ్బు కన్నా, ఎనిమిది రోజుల క్యాంపులో మూడు రోజులు మా పాప ఐస్ పక్కన బల్ల మీద కూర్చుని కాళ్లు పట్టుకుని ఏడ్చిందే, అది నాకు ఎక్కువ బాధ. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ పెట్టను. వాళ్లు ఎవరన్నది కాదు, వాళ్లు చేసినట్టే ఇంకెవరైనా చేస్తే మీరు పట్టుకోగలగాలి.

పాపకి పద్నాలుగేళ్లు. నాలుగేళ్లుగా రోలర్ స్కేటింగ్ చేస్తోంది. 2025లో మన అమ్మాయిల ఐస్ హాకీ జట్టు ఆసియా కప్‌లో కాంస్యం గెలిచిన వీడియోలు చూసిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే మాట, ఐస్ మీదకి వెళ్తానని. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన డెహ్రాడూన్ రింక్ చాలా ఏళ్లు మూతపడి ఉండి 2025లో మళ్లీ తెరుచుకుంది. అక్కడ క్యాంపులో చేర్చుకుంటామన్నారు. సొంత స్కేట్లు ఉంటే మంచిదన్నారు. తెలిసినవాళ్లు ఒక నంబరిస్తే ఫోన్ చేశాను.

"పాపది ఏ నంబరు మేడమ్?"

"ఐదు."

"మన ఐదంటే అమెరికా సైజు ఆరు. ఆరు పంపిస్తాను. ఎదిగే పిల్ల కదా, రెండేళ్లు వస్తుంది. వదులనిపిస్తే రెండు జతల సాక్సులు వేయండి."

అంతే. పాదం పొడవు అడగలేదు, వెడల్పు అడగలేదు, బరువు అడగలేదు, ఐస్ మీద ఎప్పుడైనా దిగిందా అని కూడా అడగలేదు. నాకూ తెలియక ఊరుకున్నాను.

ఇప్పుడు తెలిసింది చెబుతాను. హాకీ స్కేటు నంబరూ మామూలు బూటు నంబరూ ఒకటి కావు. మన దగ్గర అమ్మే బూట్లకు ఎక్కువగా ఇంగ్లండు నంబర్లుంటాయి. దాన్ని అమెరికా నంబరుకి మార్చాలి, అక్కడివరకూ ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ అమెరికా నంబరులోంచి మళ్లీ ఒకటో ఒకటిన్నరో తగ్గిస్తేనే స్కేటు నంబరు వస్తుంది. అంటే మా పాపకి నాలుగున్నర కావాలి. వచ్చింది ఆరు. ఈ లెక్క కూడా మొదటి అంచనాకే. అసలు కొలత పాదానిది. గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబెట్టి, రెండు పాదాలూ విడివిడిగా గీసి, పొడవూ, వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పూ మిల్లీమీటర్లలో కొలవండి. మా పాప పాదాలు గీసి చూస్తే కుడిది నాలుగు మిల్లీమీటర్లు పెద్దది. పెద్ద పాదాన్ని బట్టే కొనాలి.

పాపకి ముందుభాగం వెడల్పు, మడమ సన్నం. ఈ సంగతి నేనే చెప్పాను, "వేళ్ల దగ్గర నొక్కుతుందేమో" అని. "అందుకే కదా మేడమ్ పెద్ద సైజు పంపేది" అన్నాడు. దయచేసి ఈ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. వెడల్పు కోసం పొడవు పెంచితే ముందు వేళ్లకి హాయిగా ఉంటుంది, వెనక మడమ బూటులో ఈదుతుంది. వెడల్పుకి వేరే మోడళ్లున్నాయి. బావర్ అనే కంపెనీ స్కేట్లలో ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అని ఉంటాయి, ఒకటి సన్నం, మూడు వెడల్పు. సీసీఎం అనే ఇంకో కంపెనీ వాటిలో టేపర్డ్ (సన్నం), రెగ్యులర్ (మామూలు), వైడ్ (వెడల్పు) అంటారు. అమ్మేవాడికి ఈ మాటలు తెలియకపోతే ఫోన్ పెట్టేయండి.

పార్శిల్ వచ్చిన రోజే ఇంట్లో పరీక్ష చేసుకోవచ్చు. ఒక్క పల్చటి సాక్సుతో తొడిగి, మడమని నేలకి రెండుసార్లు తన్నించి వెనక్కి కూర్చోబెట్టాలి. లేసులు బిగించి నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గట్టి భాగానికి అలా తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్లు వంచితే ఆ తాకిడి పోవాలి. మడమ అస్సలు లేవకూడదు. ఇంకోటి, లేసులు వదులు చేసి, బూటు నాలుకని ముందుకి లాగి, పైనుంచి మూడో లేసు కన్నాల జత మీద అడ్డంగా పెన్సిల్ పెట్టండి. పెన్సిల్ అటూ ఇటూ కన్నాల మీద ఆనకుండా పాదాన్ని తాకుతోందంటే ఆ బూటు లోతు చాలదు. మాకు లోతు బానే ఉంది. కానీ వేళ్లు ముందుకి జరిపితే మడమ వెనక నా రెండు వేళ్లు పట్టాయి. చిన్నపిల్లలకైనా ఒక్క వేలు సందు మించితే ఆ బూటు వద్దు. నేను చూశాను, రెండు వేళ్లు పట్టాయని కళ్లారా చూశాను, "ఎదిగే పిల్ల" అన్న మాట పట్టుకుని సరిపెట్టుకున్నాను.

వేడిచేస్తే సరిపోతుందని కూడా కొందరంటారు. షాపుల్లో దాదాపు 80 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని నిమిషాలు పెట్టి, వేడి మీదే కాలికి తొడిగి, కూర్చోబెట్టి చల్లారనిస్తారు. దానివల్ల బూటు పాదం ఆకారానికి వస్తుంది గానీ పొడవు తగ్గదు. మాకు హెయిర్ డ్రయ్యర్‌తో చేయమన్నారు. ఆ పని చేయనందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

ఇక బ్లేడు సంగతి. అసలు మోసం ఇక్కడే జరిగింది.

"ప్రొఫెషనల్ ప్రొఫైల్ చేసి పంపిస్తాం, మూడు వేలు ఎక్స్‌ట్రా" అన్నారు. ప్రొఫైల్ అంటే ఏంటో అప్పుడు నాకు తెలీదు. మంచిదే అయ్యుంటుందని ఒప్పుకున్నాను. హాకీ బ్లేడు తిన్నగా ఉండదు, ముందు నుంచి వెనక్కి చిన్న వంపు ఉంటుంది. ఆ వంపునే ప్రొఫైల్ అంటారు, దాన్ని అడుగుల్లో చెబుతారు. పెరట్లో గుంజ పాతి, దానికి పదడుగుల తాడు కట్టి, చివర పుల్ల పట్టుకుని చుట్టూ తిరుగుతూ నేల మీద గీత గీశారనుకోండి. ఆ పెద్ద సున్నాలోంచి జానెడుకి కాస్త ఎక్కువ ముక్క తీస్తే, అదే 10 అడుగుల రేడియస్ బ్లేడు. కొత్త స్కేట్లు చాలావరకు 9, 10 అడుగుల వంపుతో వస్తాయి. ఏడెనిమిదికి తగ్గిస్తే బ్లేడు ఐస్‌ని తక్కువ మేర తాకుతుంది, చటుక్కున తిరగొచ్చు, కానీ నిలకడ తగ్గుతుంది. 11, 13కి పెంచితే నిలకడా వేగమూ పెరుగుతాయి, మలుపు బరువవుతుంది. గోల్ దగ్గర నిలబడేవాళ్లవి 28, 30 అడుగులు, దాదాపు చదునుగా ఉంటాయి. ఒకే బ్లేడులో ముందు ఒక వంపు, వెనక ఒక వంపు కలిపి చేసేవీ ఉన్నాయి.

నేను ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. బ్లేడు మధ్య నుంచి 12 సెంటీమీటర్లు ముందుకి వెళ్తే, 10 అడుగుల వంపులో అక్కడ బ్లేడు లేచే ఎత్తు రెండున్నర మిల్లీమీటర్ల లోపే. 9 అడుగుల దానికీ దీనికీ తేడా పావు మిల్లీమీటరు. ఈ పావు మిల్లీమీటరుని చేత్తో, కంటి అంచనాతో ఎవరు తీయగలరు? దానికి టెంప్లేట్ అనే అచ్చు బిగించిన యంత్రం కావాలి. "ఏ రేడియస్ పెట్టారు, ఏ టెంప్లేట్ వాడారు" అని అడిగితే అంకె చెప్పాలి. మాకు పంపినవాళ్లు తర్వాత అడిగినా చెప్పలేకపోయారు. "స్పీడ్ ప్రొఫైల్ మేడమ్" అన్నారు. అది పేరే గానీ కొలత కాదు.

వెళ్లే ముందు ఒక సంగతి జరిగింది, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఒక బ్లేడు అంచు గరుగ్గా ఉండి పాప చున్నీ దారం లాగేసింది. మా వీధిలోకి కత్తులు, కత్తెరలు సానపట్టే తాత సైకిలేసుకుని వస్తే చూపించాను. ఆయన బ్లేడుని తిరగేసి ఎండకి పెట్టి చూశాడు. బొటనవేలు అడ్డంగా, నెమ్మదిగా నడిపాడు.

"ఇది కత్తి కాదమ్మా. మధ్యలో కాలవలా ఉంది, అటొక అంచు, ఇటొక అంచు. నా చక్రం పెడితే ఆ కాలవ పోద్ది. నేను ముట్టుకోను" అన్నాడు. మళ్లీ వేలు నడిపి, "ఓ అంచు ఎత్తుగా ఉందేటి? పట్టినోడెవడో వంకరగా పట్టాడు" అన్నాడు.

జేబులోంచి రూపాయి బిళ్ల తీసి బ్లేడు మీద అడ్డంగా నిలబెట్టాడు. బిళ్ల ఓ పక్కకి వాలింది. పైసా తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఐస్ స్కేటు ఎన్నడూ చూడని మనిషి ఒక్క నిమిషంలో తప్పు పట్టుకున్నాడు. నేను మాత్రం మూడు వేలు తీసుకున్నవాడి మాటే నమ్మాను.

ఆయన చూపించిన పరీక్షే రింకుల్లోనూ చేస్తారు. ఆ కాలవని హాలో అంటారు. ఆ కాలవ వంపు ఎంత సున్నాలోంచి తీసిన ముక్కో, ఆ సున్నా రేడియస్‌ని అంగుళాల్లో చెబుతారు, నేర్చుకునేవాళ్లకి మామూలుగా 1/2 అంగుళం పెడతారు. అంకె చిన్నదైన కొద్దీ కాలవ లోతు పెరుగుతుంది, ఐస్‌ని గట్టిగా పట్టుకుంటుంది, ఆగడం కష్టమవుతుంది. రెండంచులూ సమానంగా లేకపోతే ఏ అంకె పెట్టినా ఒకటే. కొత్త స్కేట్లు చాలావరకు సానపట్టకుండానే వస్తాయి కాబట్టి మొదటి సాన ఎవరు పడుతున్నారన్నది తప్పకుండా చూసుకోండి.

డెహ్రాడూన్‌లో మొదటి రోజు. నాలుగేళ్లు చక్రాల మీద పరిగెత్తిన పిల్ల ఐస్ మీద నాలుగడుగులు వేయలేకపోయింది. కుడికాలు పట్టుకుంటే ఎడమకాలు పక్కకి జారిపోతుంది. కాస్త ముందుకి వంగితే బోర్లా పడుతుంది. వదులు బూటుని లేసులతో బిగించీ బిగించీ చీలమండ ముందు ఎర్రగా కమిలిపోయింది, మడమ వెనక బొబ్బ చితికింది. "నాకే రాదేమో అమ్మా" అంది రెండో రోజు రాత్రి. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

మూడో రోజు కోచ్ గారు బూట్లు విప్పించారు. రెండు బ్లేడులూ హోల్డర్లోంచి, అంటే బూటు కింద బ్లేడుని పట్టి ఉంచే భాగంలోంచి, ఊడదీసి, నా నోట్‌బుక్ పేజీ మీద ఒకటి పెట్టి పెన్సిల్‌తో అంచు గీశారు. దాని మీదే రెండోది పెట్టారు. మధ్యలో కలిసింది. బొటనవేలి వైపు వచ్చేసరికి రెండో బ్లేడు గీతకి లోపల ఉండిపోయింది, గోరు మందాన. చేత్తో రుద్దేటప్పుడు చివర్లలో చెయ్యి ఆగిపోయి ఎక్కువ ఉక్కు తినేసిందని చెప్పారు. రెండు కాళ్ల కింద రెండు రకాల వంపులు! పోయిన ఉక్కు మళ్లీ రాదు. సరిచేయాలంటే ఆ రెండోదాని స్థాయికి మొదటిదాన్నీ అరగదీయాలి, లేదంటే కొత్త బ్లేడులు కొనాలి. నాలుగో రోజు పొద్దున ఆయనే ఎవరిదో పాత జత, నాలుగున్నర సైజుది, తెచ్చి ఇచ్చారు. మధ్యాహ్నానికి పాప రింక్ మొత్తం ఒక చుట్టు తిరిగి వచ్చింది.

తిరిగొచ్చాక అమ్మినవాళ్లకి ఆ పేజీ ఫొటో పంపాను. "ఐస్ మీద దిగాక వాపసు లేదు" అన్నారు. ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. బిల్లు తీసుకోలేదు. డబ్బు ఒక వ్యక్తి ఫోన్ నంబరుకి పంపాను. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయలేదు. మీరు ఈ మూడూ చేయండి. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు లోపంతో వస్తే వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు మనం ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. నేను ఫోన్ చాట్లూ, చెల్లింపు రసీదూ, ఆ పెన్సిల్ గీతా పట్టుకుని ఫిర్యాదు పెట్టాను.

మన ఊరికి సంబంధించిన సంగతి ఇంకోటి. ఐస్ లేని చోట నడిచేటప్పుడు బ్లేడుకి తొడిగే ప్లాస్టిక్ కవర్లుంటాయి. అవి నడవడానికే, దాచడానికి కాదు. తడి లోపలే ఉండిపోతుంది. మన సముద్రపు గాలికి వారం తిరక్కుండానే తుప్పు చుక్కలు వచ్చాయి. పొడిగుడ్డతో హోల్డర్ సందుల్లో కూడా తుడిచి, మెత్తటి గుడ్డ కవరు తొడిగి పెట్టండి.

ఈసారి వేరే చోట అడిగాను. వాళ్లు ముందు రెండు పాదాల గీతలూ పంపమన్నారు. బరువెంత, మడమ సన్నమా, పాదం పైభాగం ఎత్తుగా ఉంటుందా, ఎన్ని రోజులు ఐస్ మీద ఆడింది, అన్నీ అడిగారు. ప్రొఫైల్ మార్చాలా అంటే, "వద్దమ్మా, ఫ్యాక్టరీ వంపు మీదే ఒక ఏడాది ఆడనివ్వండి, అప్పుడు తనకేం కావాలో తనే చెబుతుంది" అన్నారు. మూడు వేలు తీసుకోవడానికి అవకాశం ఉండీ వద్దన్నారు. వాళ్ల దగ్గరే ఆర్డర్ పెట్టాను.

పాత జత మా ఇంట్లోనే ఉంది. ఎవరికీ అమ్మను. పెన్సిల్ గీత ఉన్న పేజీ కూడా దాచాను. ఇటువైపు ఎవరైనా పిల్లలకి స్కేట్లు కొనబోతుంటే ఇక్కడ ఒక మాట రాయండి, పిల్లల్ని తీసుకుని రండి. సరిపోని బూటు ఎలా ఉంటుందో తొడిగి చూసుకుని, ఆ బ్లేడు మీద రూపాయి బిళ్ల పెట్టి చూసుకుని, ఆ తర్వాతే డబ్బు పంపండి.