టీటీ డబుల్స్‌ని కత్తిరించి చూపిస్తే ఏం మిగులుతుంది? ఒక స్పోర్ట్స్ యాప్ మీద నా రివ్యూ

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల టేబుల్ టెన్నిస్ మ్యాచ్‌లు మళ్ళీ చూసుకోవచ్చని ఒక స్ట్రీమింగ్ యాప్‌కి సబ్‌స్క్రిప్షన్ కట్టాను. పేరు రాయడం లేదు.

ముందు మంచి చెప్తాను. క్లారిటీ చాలా బాగుంది, బంతి ఎంత స్పీడ్‌గా వెళ్ళినా అలుక్కుపోయినట్టు కనపడదు, మధ్యలో ఆగదు, ప్రకటనల గోల లేదు. సింగిల్స్ చూసేవాళ్ళకి ఇది హాయిగా సరిపోతుంది. శరత్ కమల్ 40 ఏళ్ళ వయసులో ఇంగ్లండ్ ఆటగాడు పిచ్‌ఫోర్డ్‌ని 4–1తో కొట్టి స్వర్ణం గెలిచిన ఫైనల్ ఏకబిగిన చూసేశాను, మళ్ళీ చూస్తాను కూడా. మన ఆకుల శ్రీజ శరత్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం కొట్టిన మ్యాచ్ కూడా ఉంది, తెలుగువాళ్ళు అదొక్కటైనా తప్పకుండా చూడండి.

కానీ నేను డబ్బు కట్టింది పురుషుల డబుల్స్ ఫైనల్ కోసం. శరత్–సత్యన్ ఒకవైపు, ఇంగ్లండ్ జోడీ డ్రింక్‌హాల్–పిచ్‌ఫోర్డ్ ఇంకోవైపు. 2018 గోల్డ్ కోస్ట్ ఫైనల్ కూడా ఈ నలుగురి మధ్యే, అప్పుడూ మనకి రజతమే వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ వాళ్ళే ఎదురుపడి, మళ్ళీ ఐదో గేమ్ దాకా వెళ్ళి, 11–8, 8–11, 3–11, 11–7, 4–11తో మనవాళ్ళు ఓడిపోయారు. ఇలాంటి మ్యాచ్‌ని డబుల్స్ ఆడేవాళ్ళెవరైనా పాయింట్ పాయింట్‌కీ ఆపి చూడాలనుకుంటారు.

ఈ యాప్‌లో పేరు పెట్టి, వెతికితే దొరికేలా ఉన్నది మ్యాచ్ మొత్తం కాదు, కుదించిన వీడియో. ర్యాలీ అయిపోగానే కట్, వెంటనే తర్వాతి సర్వీస్. టైమ్ కలిసొస్తుందని వాళ్ళ ఉద్దేశం. సింగిల్స్‌కి దీనివల్ల పెద్ద నష్టం లేదు. డబుల్స్‌కి మాత్రం సగం ఆట పోయినట్టే, మాటలన్నీ తీసేసి పద్యాలు మాత్రమే వినిపించిన పౌరాణిక నాటకంలా ఉంటుంది.

ఎందుకంటే డబుల్స్‌లో సర్వీస్ కుడి సగం నుంచి ఎదుటివాళ్ళ కుడి సగంలోకి ఐమూలగానే వెళ్ళాలి. టేబుల్ మధ్యలో 3 మిల్లీమీటర్ల తెల్ల గీత ఉండేది అందుకే. బంతి ఏ సగంలో పడుతుందో రిసీవర్‌కి ముందే తెలుసు కాబట్టి సర్వీస్ కాస్త పొడుగైనా మీద పడి కొట్టేస్తాడు. అందుకని సర్వ్ చేసేవాడు, అతని పార్ట్‌నర్ ముందే మాట్లాడుకుంటారు. టేబుల్ కింద వేళ్ళతో సైగ, ఏ స్పిన్, ఎంత పొట్టిగా, జోడీలో ఇద్దరూ వంతులవారీగా కొట్టాలి, సర్వీస్, రిసీవ్ తర్వాత మూడో బంతి పార్ట్‌నర్‌ది కాబట్టి అతను ఎక్కడ నిలబడాలి, అన్నీ ఆ కొద్ది సెకన్లలో తేలిపోతాయి. సైగ చూసి సర్వీస్ చూస్తే, రిసీవ్ ఎటు వస్తుందని వాళ్ళు అనుకున్నారో, నిజంగా ఎటు వచ్చిందో అర్థమవుతుంది. డబుల్స్ నేర్చుకునే పిల్లలకి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. ఈ వీడియోలో ఆ సెకన్లే లేవు, బంతి గాల్లోకి లేచేటప్పటికి మొదలవుతుంది. పైగా పాయింట్ల మధ్యలో కోచ్ సలహా ఇవ్వడానికి 2016 నుంచి రూల్స్ ఒప్పుకుంటున్నాయి, అదీ కట్.

ఇంకా బాధ కలిగించేది ఆర్డర్ విషయం. డబుల్స్‌లో ఎవరి బంతిని ఎవరు తీసుకోవాలన్నది గేమ్ గేమ్‌కీ తిరగబడుతుంది. అంటే 1, 3 గేముల్లో ఒకే ఆర్డర్, 2, 4 గేముల్లో రెండోది. ఇప్పుడు ఫైనల్ స్కోర్ మళ్ళీ చూడండి. మొదటి గేమ్ 11–8తో మనది, అదే ఆర్డర్‌లో ఆడిన మూడో గేమ్ 3–11. ఎవరి బంతి ఎవరికి వస్తుందో ఏమీ మారలేదు, అయినా 11 నుంచి 3కి పడిపోయాం. మరి ఏం మారింది? సర్వీసులు మార్చారా, రిసీవ్ చోటు మార్చారా, గేముల మధ్య ఆ ఒక్క నిమిషంలో డ్రింక్‌హాల్–పిచ్‌ఫోర్డ్ ఏం అనుకున్నారు? నాకు కావల్సింది సరిగ్గా ఆ నిమిషమే. యాప్‌లో రెండో గేమ్ చివరి పాయింట్ పక్కనే మూడో గేమ్ మొదటి సర్వీస్ అతికించేశారు.

ఐదో గేమ్ సంగతి అయితే చెప్పనక్కర్లేదు. ఆఖరి గేమ్‌లో ఒక జోడీ 5 పాయింట్లకి చేరగానే ఎండ్స్ (జోడీలు నిలబడే టేబుల్ వైపులు) మారతాయి, తర్వాత రిసీవ్ చేయాల్సిన జోడీ తన ఆర్డర్ కూడా మార్చుకోవాలి. మనవాళ్ళు 4 దగ్గరే ఆగిపోయారు కాబట్టి ముందు 5కి చేరింది ఇంగ్లండే. మ్యాచ్ మలుపు తిరగగలిగే చోటు అది, కొత్త ఆర్డర్‌తో లెక్క మళ్ళీ మొదలవుతుంది. ఇక్కడ మాత్రం ఉన్నట్టుండి ఆటగాళ్ళు అటువాళ్ళు ఇటు కనిపిస్తారు, రూల్ తెలియనివాళ్ళు వీడియో పాడైందనుకుంటారు.

పూర్తి మ్యాచ్ అసలు లేదా అంటే ఉంది, గంటల తరబడి సాగే సెషన్ వీడియోల్లో ఎక్కడో. వాటికి ఆటగాళ్ళ పేర్లు ఉండవు, తేదీ, సెషన్ నంబర్ మాత్రమే. ఓపికగా ముందుకీ వెనక్కీ జరుపుతూ వెతికితే దొరుకుతుంది. అది దొరికాక మాత్రం నిజంగా సంతోషం వేసింది. శరత్, సత్యన్ ఇద్దరూ కుడిచేతి వాటమే కాబట్టి కొట్టిన ప్రతిసారీ ఒకరు పక్కకి తప్పుకుని ఇంకొకరికి దారి ఇవ్వాలి, కొట్టడం కంటే తప్పుకోవడమే కష్టం. చైనా ఆటగాళ్ళు ఫాన్ జెండాంగ్–వాంగ్ చుచిన్ లాంటి కుడి–ఎడమ చేతివాటం జోడీకి ఆ ఇబ్బంది చాలా తక్కువ, హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్‌లో వాళ్ళు కొరియా జోడీ జాంగ్ వూజిన్–లిమ్ జాంగ్‌హూన్‌ని 4–0తో ఓడించారు. ఆ కొరియా జోడీలోనూ లిమ్‌ది ఎడమచేతి వాటమే. వీళ్ళ కాళ్ళ కదలికలు పక్కపక్కన పెట్టి చూడగలిగితే ఎంత బాగుండును!

కస్టమర్ కేర్‌కి రాశాను, సెషన్ వీడియోల్లో మ్యాచ్ ఎక్కడ మొదలవుతుందో కనీసం టైమ్ అయినా రాసి పెట్టమని. విషయం సంబంధిత టీమ్‌కి పంపామన్నారు, అంతకుమించి జవాబు లేదు.

నా రేటింగ్: సింగిల్స్ ప్రేమికులకి ఐదుకి నాలుగు, డబుల్స్ కోసం వచ్చేవాళ్ళకి ఐదుకి రెండు. తీసుకోవాలనుకుంటే నెల ప్లాన్ చాలు, ఏడాదిది వద్దు. తీసుకున్నాక పేరుతో సెర్చ్ చేయకుండా నేరుగా 2022 ఆగస్టు 7 సెషన్లలోకి వెళ్ళండి, డబుల్స్ ఫైనల్ ఆ రోజుదే.