కారు సీట్లు విప్పి కడుగుతామని ఇంటికొచ్చే సర్వీసులతో జాగ్రత్త

వానాకాలంలో కార్లోకి నీళ్ళొచ్చి కార్పెట్ నానిందంటే పైపైన తుడిస్తే సరిపోదు. కింద ఉన్న మందపాటి ఫెల్టు నీళ్ళు పీల్చుకుని కూర్చుంటుంది, సీట్లు విప్పితే గానీ ఆరదు. అందుకే మా విజయవాడలో ఇంటికొచ్చి ఆ పని చేసేవాళ్ళను పిలిపించాను. శుభ్రం చేయడం బాగానే చేశారు, వాసన పోయింది. కానీ సీట్లు తిరిగి బిగించిన తీరు ప్రాణం మీదికి తెచ్చేలా ఉంది. మీరెవరైనా ఇలాంటి సర్వీసు బుక్ చేసుకునే ఆలోచనలో ఉంటే అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి.

వచ్చిన కుర్రాళ్ళ దగ్గర సాకెట్ సెట్టు తప్ప ఇంకేమీ లేదు. బ్యాటరీ జోలికి పోకుండానే ముందు సీట్లు విప్పి టార్పాలిన్ మీద పెట్టారు. అద్దాలు దించడానికి మధ్యలో తాళం తిప్పారు. అంతే, డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. సీట్లు బిగించాక కూడా ఆరలేదు. అడిగితే "రెండ్రోజులు తిప్పండి మేడమ్, అదే పోతుంది" అన్నారు. పోలేదు. పైగా బ్రేక్ వేసినప్పుడల్లా డ్రైవర్ సీటు కింద టక్‌మని చప్పుడు మొదలైంది.

సర్వీస్ సెంటర్‌లో మెకానిక్ టార్చి వేసి చూపిస్తే గుండె జారిపోయింది. డ్రైవర్ సీటు వెనకవైపు లోపలి బోల్టు వంకరగా ఎక్కి సగంలో ఇరుక్కుపోయింది. బోల్టు తల సీటు ముందుకీ వెనక్కీ జరిగే రెయిలుకు ఆనలేదు, ఆ సందులో గోరు దూరుతోంది. చేత్తో మొదలుపెట్టకుండా నేరుగా రెంచ్‌తో తిప్పితే ఇలాగే మర దెబ్బతింటుందట. పక్క సీటు కింద పసుపు కనెక్టర్ (ఎయిర్‌బ్యాగ్ వైర్లు కలిపే ప్లగ్గు) పెట్టారు గానీ దాని లాక్ పడలేదు. వైరు రెయిలు కింద నలిగి, తోలు లేచి రాగి కనిపిస్తోంది.

ఆ బోల్టు గురించే ఇంత టెన్షన్ ఎందుకంటే, సీటు బెల్టు గుచ్చే బకిల్ చాలా కార్లలో నేలకు కాదు, సీటుకే బిగించి ఉంటుంది. సీటును ముందుకు జరిపి చూడండి, బకిల్ కూడా దానితోపాటే వస్తుంది. అంటే ప్రమాదంలో మన ఒంటి బరువు బెల్టు మీద పడ్డప్పుడు ఆ భారంలో పెద్ద వాటా సీటు కిందున్న ఆ నాలుగు బోల్టులదే. ఒకటి సగంలో వేలాడుతుంటే బెల్టు పెట్టుకున్నామన్న ధైర్యానికి అర్థం లేదు.

మాది చిన్న కారే, సీటు కింద వైర్లేముంటాయి అనుకోకండి. 2019 జులై నుంచి మన దేశంలో కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ముందు సీట్లకు బెల్టు రిమైండర్ తప్పనిసరి చేశారు. ఆ రిమైండర్ వైరు సాధారణంగా సీటు కిందే ఉంటుంది. సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో అది సాధారణంగా సీటు వీపులోనే ఉంటుంది, దాని వైరు వచ్చేది ఆ పసుపు కనెక్టర్‌కే. కనెక్టర్ పీకి ఉండగా తాళం తిప్పితే కారులోని ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ దాన్ని లోపంగా రాసిపెట్టుకుంటుంది. చాలా కార్లలో స్కానర్ పెట్టి తీస్తే గానీ లైటు ఆరదు. ఆ లైటు వెలుగుతున్నంత కాలం ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ తర్వాత వాళ్ళు ఫోన్లో చెప్పిన మాట. "ఒక రెసిస్టర్ పెట్టి లైటు రాకుండా చేసేస్తాం, ఖర్చు కూడా తక్కువే" అన్నారు. దయచేసి దీనికి ఎవరూ ఒప్పుకోవద్దు. అది ఎయిర్‌బ్యాగ్ బాగానే ఉందని కంప్యూటర్‌ను మోసం చేయడం, అంతే. మామూలుగా తాళం తిప్పగానే ఆ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా అనుమానించండి.

బుక్ చేసే ముందు టార్క్ రెంచ్ (బోల్టు ఎంత గట్టిగా బిగిసిందో కొలిచే రెంచ్) తెస్తారా అని ఒక్క మాట అడగండి. అదేంటన్నవాళ్ళకు సీటు అప్పగించకండి. చాలా కార్లలో సీటు బోల్టు బిగింపు సుమారు 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారుకు ఎంతన్నది సర్వీస్ మాన్యువల్‌లోనే చూడాలి.

ఇంట్లో మీరే చేసుకునేట్టయితే ముందు సీటును వెనక్కి, ముందుకి జరిపి నాలుగు బోల్టులూ వదులు చేసుకోండి. తర్వాత తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పండి. కంపెనీని బట్టి మాన్యువల్స్ 90 సెకన్లనో, మూడు నిమిషాలనో ఆగమంటాయి. పది నిమిషాలు ఆగితే పోయేదేమీ లేదు. ఆ తర్వాతే కనెక్టర్లు తీయాలి. పసుపు కనెక్టర్‌లో మల్టీమీటర్ పుల్లలు అస్సలు పెట్టకూడదు. సీటు బరువుగా ఉంటుంది, రెయిలు అంచులు చెయ్యి కోస్తాయి, కాబట్టి రెండో మనిషి ఉండాల్సిందే. తిరిగి పెట్టేటప్పుడు రెండు రెయిళ్ళూ ఒకే స్థానంలో ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే సీటు ఒక పక్కే లాక్ అవుతుంది. నాలుగు బోల్టులనూ వేళ్ళతో కొన్ని చుట్లు ఎక్కించాకే రెంచ్ పట్టాలి. కనెక్టర్లన్నీ క్లిక్‌మన్నాకే బ్యాటరీ కలపాలి.

వెనక సీటు తేలిగ్గానే వస్తుంది గానీ తిరిగి పెట్టేటప్పుడు బెల్టు బకిళ్ళు కుషన్ కింద ఉండిపోతుంటాయి. పిల్లలు కూర్చునే చోటు కదా, ఒక్కొక్కటీ పైకి లాగి, బెల్టు గుచ్చి చూడండి.

వరద నీళ్ళలో మునిగిన కారైతే ఈ పని ఇంట్లో అసలు పెట్టుకోకండి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ చాలా కార్లలో గేరు లివర్ దగ్గర నేల మీదే ఉంటుంది. అది తడిసిందో లేదో సర్వీస్ సెంటర్‌లోనే తేల్చాలి.

మర సరిచేసి, కొత్త బోల్టు వేసి, వైరింగ్ మార్చిన బిల్లు పంపిస్తే ఆ సర్వీసువాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. జాబ్ కార్డు, వంకర బోల్టు ఫోటోలు, వాట్సాప్ చాట్ దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. మీకూ ఇలా జరిగితే పాత బోల్టును, తీసేసిన వైరును సర్వీస్ సెంటర్‌లో వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి.