“గేమ్ మాస్టర్ అక్కర్లేదు” అన్న మాట చూసి ఆట కొనేయకండి

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని మాటలతో కథ అల్లుకునే ఆటలు ఆడేవాళ్లూ, కొత్తగా మొదలుపెడదాం అనుకునేవాళ్లూ డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. “గేమ్ మాస్టర్ లేకుండా ఆడొచ్చు” అన్న ఒక్క ముక్క నమ్మి నేను 6,850 రూపాయలు పెట్టి ఒక పెట్టె తెప్పించాను. అది మాకు పనికిరాలేదు. తిరిగి తీసుకోమంటే షాపువాళ్లు కుదరదన్నారు.

మియాపూర్‌లో మా ఇంట్లో మూడేళ్లుగా ప్రతి నెలా రెండో శనివారం ఆడుతున్నాం. కథ తయారు చేసుకొచ్చి, దారిలో ఎదురయ్యే పాత్రలన్నింటి మాటలూ తనే మాట్లాడి, నియమాల దగ్గర పేచీ వస్తే తేల్చి చెప్పే మిత్రుడు ఒకాయన ఉండేవాడు. ఆ పని చేసే మనిషినే గేమ్ మాస్టర్ అంటారు. ఉద్యోగం మారి పుణె వెళ్లిపోయాడు. ఇక మిగిలింది నేను, మా ఆవిడ, మా బావమరిది, పై ఫ్లాట్ అక్క. వారం ముందు నుంచి కూర్చుని కథ సిద్ధం చేసే తీరిక మా నలుగురిలో ఎవరికీ లేదు. అలాగని ఆట మానేయడం ఎవరికీ ఇష్టం లేదు. అందుకే గేమ్ మాస్టర్ అవసరం లేని ఆటల కోసం వెతికాను.

ఒక ఆన్‌లైన్ షాపులో ఈ పెట్టె కనిపించింది. “2 నుంచి 5 మంది. గేమ్ మాస్టర్ అక్కర్లేదు. పెట్టె తెరిచి వెంటనే ఆడొచ్చు” అని రాసి ఉంది. బొమ్మలు బాగున్నాయి. పన్నెండు రోజులకి వచ్చింది. శనివారం అందరూ వచ్చాకే తెరుద్దామని అలాగే ఉంచాను.

ఆ రోజు అక్క వేడివేడి పునుగులు పట్టుకుని కిందికి దిగింది. టేబుల్ ఖాళీ చేసి, సీలు కోసి మూత తీశాం. పైన లావుపాటి పుస్తకం, దాని కింద కార్డుల కట్ట, చిన్న సంచిలో డైస్. బావమరిది డైస్ పంచుతుంటే నేను పుస్తకం తెరిచాను. మూడో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ఈ పుస్తకం వాడాలంటే అసలు నియమాల పుస్తకం కూడా మీ దగ్గర ఉండాలి. అది విడిగా కొనుక్కోవాలట. పెట్టె మీద గానీ షాపు పేజీలో గానీ ఆ మాటే లేదు. సరే, ఉన్నంతలో ఆడదామని పేజీలు తిప్పాం. మొదటి నుంచి చివరి దాకా ఒక్కరే కూర్చుని, కార్డు తీసి, నోటుబుక్కులో డైరీలా రాసుకునే ఆట అది. ఎక్కువమంది ఆడటం గురించి చివర్లో పదకొండు లైన్లు ఉన్నాయి. నేను చదివాను, నమ్మకం కుదరక మా ఆవిడా చదివింది. “గుంపుగా ఆడేటప్పుడు మీలో ఒకరు గేమ్ మాస్టర్‌గా ఉంటే మంచిది” అని ఉంది.

ఆ పని చేసే మనిషి లేకనే కదా మేం ఇది కొన్నది! తొమ్మిదిన్నర దాకా తంటాలు పడ్డాం. “ఇంకోసారి చూద్దాంలే” అని అక్క ఖాళీ గిన్నె తీసుకుని పైకి వెళ్లిపోయింది. డబ్బు పోయిన దానికన్నా, నెలంతా ఎదురుచూసిన సాయంత్రం అలా ముగిసినందుకు నాకు ఎక్కువ కష్టమేసింది.

ఆ తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది. గేమ్ మాస్టర్ అనే మనిషి లేకపోవచ్చు గానీ, ఆయన చేసే పని మాత్రం ఎక్కడికీ పోదు. ఆ పని ఎవరి మీద పడుతుందో చూడకుండా కొంటే మాలాగే ఇరుక్కుంటారు. కొన్నింటిలో ఆడేవాళ్లందరూ పంచుకుంటారు. కొన్నింటిలో కార్డులు అడుగుతాయి, మనం జవాబు చెప్పాలి. మరికొన్నింటిలో డైస్ వేసి, పట్టికలో చూసి, తర్వాత ఏం జరిగిందో తేల్చుకోవాలి. ఒంటరిగా రాసుకుంటూ ఆడేవి పూర్తిగా వేరే రకం. గ్లూమ్‌హేవెన్ లాంటి పెద్ద పెట్టెల్లో అయితే రాక్షసులు ఎటు కదలాలో కార్డులే చెబుతాయి. ఒకరి నుంచి నలుగురి దాకా హాయిగా ఆడొచ్చు. కానీ అది బోర్డు మీద యుద్ధం, నలుగురూ మాట్లాడుకుంటూ కథ అల్లుకునే ఆట కాదు. వీటన్నింటికీ షాపులవాళ్లు ఒకే లేబుల్ తగిలిస్తున్నారు.

మరుసటి నెల మేం ఆడింది “ది క్వైట్ ఇయర్”. ఎవెరీ ఆల్డర్ తయారు చేసిన ఆట, 2013లో వచ్చింది. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడొచ్చు. కార్డుల కోసం ఇంట్లో ఉన్న పేక కట్టే సరిపోతుంది. 52 ముక్కలు, ఒక్కో ముక్క ఒక వారం. ఆఠీను వసంతం, డైమండు వేసవి, కళావరు శరత్తు, ఇస్పేటు శీతాకాలం. పెద్ద యుద్ధం అయిపోయాక మిగిలిన ఒక ఊరు మనది. మధ్యలో తెల్ల కాగితం పెట్టుకుని, ముక్క తీసినప్పుడల్లా ఆ వారం ఊళ్లో ఏం జరిగిందో తేల్చి, మ్యాపు మీద గీయాలి. చర్చ పెడితే ఒక్కొక్కరు ఒక్కసారే, ఒకటి రెండు వాక్యాలే మాట్లాడాలి. నిర్ణయం తీసుకోకుండానే చర్చ ఆగిపోతుంది. ఇస్పేటు రాజు ఎప్పుడు పడితే అప్పుడు ఆట అక్కడికక్కడే ముగుస్తుంది. అక్క గీసిన చెరువు మీద నేను వంతెన మొదలుపెట్టాను. చలికాలం ఐదో వారంలోనే రాజు పడ్డాడు, వంతెన సగంలో ఉండిపోయింది. పెన్సిల్ గీతలతో ఉన్న ఆ కాగితం ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది.

అయితే ఇందులోనూ ఒక జాగ్రత్త ఉంది. ఒక్కొక్కరికి ఒక వీరుడు, కత్తి, బలాల పట్టిక ఇవేవీ ఉండవు. అందరూ కలిసి ఊరంతటికీ ఆలోచించాలి. “నా పాత్ర ఏది?” అని మా బావమరిది గంటసేపు అడుగుతూనే ఉన్నాడు. మీవాళ్లు అలాంటి ఆట కోరుకుంటే ఇది కొనిపెట్టకండి.

మిగతా వాటి గురించీ నాకు తెలిసినంత చెబుతాను. “ఫియాస్కో”కి 3 నుంచి 5 మంది ఉండాలి, ఇద్దరే ఉన్న ఇంటికి కుదరదు. 2009 నాటి పుస్తకానికి ఒక్కొక్కరికి నాలుగు డైస్ చొప్పున కావాలి. 2020లో వచ్చిన పెట్టె డైస్ లేకుండా కార్డులతో నడుస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఏ ఎడిషనో తప్పకుండా అడగండి. “మైక్రోస్కోప్” ఒక యుగం చరిత్రనంతా కలిసి అల్లే ఆట. మొదలూ తుదీ ముందే నిర్ణయించుకుని మధ్యలో నింపుకుంటూ పోతారు. ఒకరి వంతులో మిగతావాళ్లు సలహా ఇవ్వకూడదన్నది దాని నియమం. మాటకి మాట అందించడం అలవాటైన గుంపుకి అది కొంచెం కష్టమే. వీరుడు, ప్రయాణం, శపథాలు కావాలనుకుంటే “ఐరన్‌స్వోర్న్” చూడండి. ఒంటరిగా, గేమ్ మాస్టర్ లేకుండా గుంపుగా, గేమ్ మాస్టర్‌తో, మూడు రకాలుగానూ ఆడేలా రాశారు. 2018 నుంచి దాని పీడీఎఫ్ ఉచితం. రూపాయి పెట్టక ముందే అది దించుకుని ఒక శనివారం ఆడి చూస్తే, మీవాళ్లకి ఈ పద్ధతి నచ్చుతుందో లేదో తెలిసిపోతుంది. నేను ఆ పని ముందే చేసి ఉండాల్సింది.

కొనే ముందు షాపువాళ్లని రాతపూర్వకంగా అడగండి. ఇది ఒక్కటే కొంటే చాలా, వేరే పుస్తకం ఏదైనా ఉండాలా? గుంపుగా ఆడే నియమాలు ఎన్ని పేజీలు? ఆ పేజీ ఫొటో పంపమనండి. ఫొటో పంపడానికి నసిగితే ఆ ఆట వదిలేయండి. విదేశాల నుంచి వచ్చిన పెట్టె అయితే దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, ఏ దేశంలో తయారైందో తెలిపే స్టిక్కర్ ఉండాలి. నాకొచ్చిన పెట్టె మీద అదేమీ లేదు. సీలు కోసే ముందు నేను గమనించలేదు.

“సీలు తీశారు కాబట్టి రిటర్న్ లేదు” అని వాళ్లు నాకు ఒక్క లైను మెయిల్ పంపారు. అది చూసి ఊరుకోకండి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే దాన్ని వెనక్కి తీసుకోవడానికీ, డబ్బు తిరిగి ఇవ్వడానికీ అమ్మినవాళ్లు కుదరదనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి నేను ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ తర్వాతే షాపు నుంచి మొదటిసారి ఫోన్ వచ్చింది. సగం డబ్బుకి వాళ్ల షాపు కూపన్ ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు, మొత్తం వెనక్కి కావాలన్నాను.

వాళ్ల పేజీలో నిన్న చూశాను. “2 నుంచి 5 మంది, గేమ్ మాస్టర్ అక్కర్లేదు” అని ఇంకా అలాగే ఉంది. ఎక్కడ ఏ ఆట కొన్నా సరే, ఆర్డర్ పెట్టే రోజునే ఆ వివరణ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఇప్పుడు నా దగ్గర ఉన్న ఆధారం అదొక్కటే. అది కూడా మా ఆవిడ తీసి పెట్టింది కాబట్టి ఉంది.