నడుస్తున్న సర్వీసు నాడి పట్టే ఓస్లో రిపోర్ట్స్

నల్లగొండలోని మా ఇంజినీరింగ్ కళాశాల ప్రయోగశాలలో విద్యార్థులకు వర్చువల్ మెషీన్లు ఇచ్చేందుకు ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాము. ఏదైనా సర్వీసు బతికే ఉన్నట్టు కనిపిస్తూ పని మాత్రం ముందుకు సాగనివ్వనప్పుడు రీస్టార్ట్ చేస్తే ఇబ్బంది తాత్కాలికంగా తీరుతుంది; కానీ అది ఎందుకు వచ్చిందో చెప్పగల ఆధారం కూడా దానితోపాటే చెరిగిపోతుంది. సర్వీసును ఆపకుండానే ఆ ఆధారాన్ని రాబట్టే పైథాన్ లైబ్రరీ ఓస్లో రిపోర్ట్స్. ఇది ఇచ్చే నివేదికను గురు మెడిటేషన్ రిపోర్ట్ అంటారు. పాత అమిగా కంప్యూటర్లు కుప్పకూలినప్పుడు తెరమీద కనిపించిన సందేశం పేరునే సరదాగా దీనికీ పెట్టారు.

ఓపెన్‌స్టాక్‌లో వర్చువల్ మెషీన్లను చూసే నోవా, డిస్కులను చూసే సిండర్, నెట్‌వర్క్‌ను చూసే న్యూట్రాన్ వంటి సర్వీసుల్లో ఇది ముందే అమరి ఉంటుంది. కిల్ కమాండుతో ఆ ప్రాసెస్‌కు యూఎస్ఆర్2 సిగ్నల్ పంపితే చాలు, ప్యాకేజీ వెర్షను, థ్రెడ్లు, గ్రీన్ థ్రెడ్లు (ఒకే థ్రెడ్‌లో వంతులవారీగా నడిచే తేలికపాటి పనులు), ప్రాసెస్‌లు, కాన్ఫిగరేషన్ అనే భాగాలతో నివేదిక వస్తుంది. మామూలుగా అది స్టాండర్డ్ ఎర్రర్‌లోకి పోయి లాగ్‌లో కలిసిపోతుంది కనుక, లాగ్ డైరెక్టరీ ఆప్షన్ పెట్టుకుని విడి ఫైలుగా తీసుకోవడం మేలు. ఒక హెచ్చరిక: ఈ సిగ్నల్‌ను అందుకునే ఏర్పాటు లేని ప్రాసెస్‌కు పొరపాటున పంపితే అది అక్కడికక్కడే ఆగిపోతుంది.

దీని విలువ మాకు ప్రాక్టికల్ పరీక్షల ముందు తెలిసింది. కొత్త మెషీన్లు చాలాసేపు బిల్డ్ దశలోనే ఉండి, చివరకు ఎర్రర్‌లోకి పోతున్నాయి. మెషీన్లను నడిపే నోవా కంప్యూట్ నుంచి నివేదిక తీస్తే, గ్రీన్ థ్రెడ్లలో చాలావరకు ఖాళీగా ఎదురుచూస్తున్నవే. స్టాక్‌లను, అంటే ఒకదాన్నొకటి పిలిచిన ఫంక్షన్ల వరుసలను, కింది వరుస నుంచి పైకి చదువుకుంటూ వెళ్లగా, ఒకటి మాత్రం కండక్టర్ (కంప్యూట్ తరఫున డేటాబేస్ పనులు చూసే నోవా భాగం) నుంచి రావలసిన జవాబు కోసం నిలిచి ఉంది. కాన్ఫిగరేషన్ భాగంలో ఆర్‌పీసీ (ఒక సర్వీసు మరొకదాన్ని పని అడిగే పద్ధతి) జవాబుకు గడువు 60 సెకన్లని ఉంటే, డిస్కు మీది ఫైలులో 180 అని ఉంది. నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్న సంస్థ మనిషి ఫైలు మార్చి, సర్వీసును రీస్టార్ట్ చేయకుండానే హైదరాబాదుకు బస్సెక్కాడు. ఫైలులో రాసి ఉన్నది కాక, నడుస్తున్న సర్వీసు తన చేతిలో పట్టుకున్న విలువను చూపించే ఈ భాగం ఒక్కదాని కోసమైనా దీన్ని వాడవచ్చునని నా అభిప్రాయం.

లోపాలూ తక్కువేమీ లేవు. స్టాక్‌లో ఫంక్షన్ల వరుస కనిపిస్తుందే తప్ప వాటిలోని వేరియబుళ్ల విలువలు కనిపించవు కాబట్టి, ఏ మెషీన్ అభ్యర్థన దగ్గర పని ఆగిందో లాగ్‌తో పోల్చి చూసుకోవలసిందే. అనేక వర్కర్లు (పని పంచుకునే పిల్ల ప్రాసెస్‌లు) ఉన్న సర్వీసులో తల్లి ప్రాసెస్‌కు సిగ్నల్ పంపితే దాని థ్రెడ్లు మాత్రమే వస్తాయి; ప్రాసెస్‌ల భాగంలో కనిపించే పిల్ల ప్రాసెస్ నంబరు చూసి దానికి మళ్లీ విడిగా పంపాలి. రహస్యమని గుర్తు పెట్టిన ఆప్షన్ల విలువలు చుక్కగుర్తుల వెనుక దాగుతాయి, కానీ ఆ గుర్తు లేనివి యథాతథంగా అచ్చవుతాయి; బయటివారికి పంపేముందు ఒకసారి కళ్లతో చూసుకోక తప్పదు.

అన్నిటికంటే పెద్ద పరిమితి పైథాన్ స్వభావంలోనే ఉంది. సిగ్నల్ హ్యాండ్లర్ ప్రధాన థ్రెడ్‌లో, పైథాన్ కోడ్ నడిచే సందులోనే పనిచేస్తుంది. ఆ థ్రెడ్ సీ భాషలో రాసిన ఏదైనా లైబ్రరీలో ఇరుక్కుంటే, నివేదిక అత్యవసరమైన ఆ సమయంలోనే అది రాదు. అలాంటప్పుడు ప్రాసెస్ మెమరీని బయటి నుంచే చదివే పై-స్పై అనే సాధనం పనికొస్తుంది. దానికి సాధారణంగా రూట్ అనుమతి కావాలి, కాన్ఫిగరేషన్ చూపించదు, కానీ అడిగితే లోకల్ వేరియబుళ్లను కూడా చూపిస్తుంది. మా సర్వర్లలో రెండింటినీ ఉంచుకున్నాము. మొదట యూఎస్ఆర్2 పంపి, కాసేపటికీ ఫైలు రాకపోతే పై-స్పైకి వెళ్తాము.