ఛాతీలో మంటతో మళ్లీ పరుగు: మూడేళ్ల వాడకం తరువాత

దీర్ఘకాలిక యాసిడ్ రిఫ్లక్స్ (కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం) కారణంగా 18 నెలలు పరుగు మానేసి, మళ్లీ మొదలుపెట్టి ఇప్పటికి మూడేళ్లు దాటింది. ఈ మూడేళ్లలో మాత్రలు, భోజనం తరువాత తాగే సిరప్పు, తలవైపు ఎత్తుగా ఉండే వాలు దిండు, మంచం కోళ్ల కింద పెట్టే దిమ్మెలు, నడుముకు కట్టుకునే నీళ్ల బెల్టు, గుండె వేగం చూపే గడియారం అన్నీ వాడాను. తినే వేళలను, పరుగెత్తే తీరును కూడా మార్చుకున్నాను. వీటిలో ఏది నిజంగా అక్కరకు వచ్చిందో నెల రెండు నెలల్లో తేలదు. ఈ జబ్బు కొన్ని వారాలు నెమ్మదించి, మళ్లీ కారణం తెలియకుండా తిరగబెడుతుంది. అందుకే ఇంతకాలం ఆగి రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పాలంటే, కొన్నవాటిలో మంచం కింది దిమ్మెలు, కొననివాటిలో వేగం తగ్గించుకోవడం, ఈ రెండే నన్ను మళ్లీ పరుగులోకి తెచ్చాయి. మాత్ర లేకుండా అది సాధ్యమయ్యేది కాదు, అయితే మాత్ర ఒక్కదానితోనూ అయ్యేది కాదు.

పరుగు ఆపేసిన రోజు నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. హాఫ్ మారథాన్‌కు సిద్ధమవుతున్న రోజులవి. మూడో కిలోమీటరు దాటేసరికి రొమ్ము ఎముక వెనక సన్నగా మొదలైన మంట, మరో రెండు నిమిషాల్లో గొంతుదాకా ఎగబాకింది. నోట్లోకి పుల్లగా, చేదుగా నీళ్లు వచ్చాయి. ఆగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగితే అది మరింత పైకి తన్నింది. అప్పటికి కొన్ని నెలలుగా రాత్రిపూట పొడిదగ్గు, పొద్దున్నే బొంగురుపోయిన గొంతు ఉన్నా, వాటికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు. వైద్యుడి దగ్గరికి వెళితే ఆయన కడుపు మాట ఎత్తకముందే ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించారు. "శ్రమపడుతుంటే ఛాతీలో మంట వచ్చిందంటే, గుండెలో ఏమీ లేదని తేలేదాకా దాన్ని ఎసిడిటీ అని నేను అనను, మీరూ అనుకోవద్దు" అన్నారు. ఈ సమీక్షలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలని నా కోరిక. గుండె బాగానే ఉందని తేలిన తరువాత ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక దిగువన పైపొర చిట్లిన చారలు కనిపించాయి. ఇలాంటి చారల తీవ్రతను కొలిచే లాస్ ఏంజెలెస్ వర్గీకరణలో ఏ నుంచి డి వరకు ఉన్న నాలుగు స్థాయిల్లో నాది బి. అంటే ఆ చారల్లో కనీసం ఒకటి 5 మిల్లీమీటర్ల కంటే పొడవుగా ఉంది, కానీ అన్నవాహిక లోపలి పొరలో ఒక మడత మీది చార పక్క మడత మీదికి పాకలేదు.

పరుగుకూ ఈ మంటకూ ఉన్న సంబంధం తెలిసిన తరువాతే నా ప్రయోగాలు ఒక దారిలో పడ్డాయి. అన్నవాహిక కడుపులో కలిసే చోట 3 నుంచి 4 సెంటీమీటర్ల పొడవున ఒక కండర వలయం ఉంటుంది. దానికి చుట్టూ డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే శ్వాస కండరం) పోగులు బిగువునిస్తాయి. మింగేటప్పుడు తప్ప మూసుకుని ఉండవలసిన ఈ వలయం అప్పుడప్పుడు దానంతటదే కొన్ని సెకన్లు వదులవుతుంది. అందరిలోనూ జరిగేదే ఇది, నాలాంటివారిలో ఆ సమయంలో ఆమ్లం పైకి వస్తుంది. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకూ కడుపు కుదుపుకు లోనవుతుంది, పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది, రక్తం జీర్ణావయవాల నుంచి కాళ్ల కండరాలకు మళ్లుతుంది. తీవ్రంగా శ్రమిస్తే కడుపు ఖాళీ అయ్యే వేగం కూడా మందగిస్తుంది. నోటితో ఎగశ్వాస తీస్తూ గాలి మింగడం దీనికి తోడు. సైకిల్ తొక్కేవారికంటే పరుగెత్తేవారికి రిఫ్లక్స్ ఎక్కువ కావడానికి ఈ కుదుపే ముఖ్య కారణమని నా అనుభవమూ చెబుతోంది. పరుగు మానిన నెలల్లో సైకిల్ ఎంత తొక్కినా నాకు ఇబ్బంది రాలేదు.

మొదట మాత్రల సంగతి. ఒమెప్రజోల్ జాతి మాత్రలను మొదటి నాలుగు నెలలూ నేను తప్పుగా వాడాను. పరుగు ముగించి, అల్పాహారం తిని, గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాణ్ని. ఈ మాత్ర కడుపు గోడలో ఆమ్లాన్ని విడుదల చేసే పంపులను, అవి పనిచేస్తున్న సమయంలోనే పట్టుకుని ఆపుతుంది. ఆ పంపులను పనిలోకి దింపేది తిండి. కాబట్టి మాత్ర తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు కడుపులో పడాలి. దాని పూర్తి ఫలితం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది, అంటే మంట వచ్చినప్పుడు వేసుకుంటే లాభం లేదు. వేళ మార్చిన రెండో వారానికే తేడా తెలిసింది. నిద్ర లేవగానే మాత్ర, ఆ తరువాత అరగంట నుంచి ముప్పావు గంట పరుగు, వచ్చాక తిండి. దూరం పెరిగి పరుగు గంటన్నర దాటే రోజుల్లో మాత్రను తిరిగి వచ్చాక వేసుకుని, మరో అరగంట ఆగి తినడం అలవాటు చేసుకున్నాను.

అయితే మాత్ర తగ్గించేది ఆమ్లాన్ని మాత్రమే, పైకి ఎగదన్నడాన్ని కాదు. మంట తగ్గినా పరుగులో గొంతుదాకా నీళ్లు రావడం ఆగలేదు. అవి అంతగా పుల్లగా ఉండేవి కావు, అంతే. ఈ తేడా తెలియక చాలాకాలం మందు పనిచేయడం లేదనుకుని నిరాశపడ్డాను. ఇంకో తప్పు కూడా చేశాను. ఎనిమిది వారాల కోర్సు తరువాత బాగుందని ఒక్కసారిగా ఆపేశాను. వారం తిరక్కముందే మునుపటికంటే ఎక్కువ మంట వచ్చింది. అణచిపెట్టిన ఆమ్లం మందు ఆపగానే కొంతకాలం మామూలుకంటే ఎక్కువగా ఊరడం తెలిసిన విషయమేనని, మెల్లగా తగ్గించుకుంటూ రావాలని ఆ తరువాత వైద్యుడు చెప్పారు. ఇప్పుడు సగం మోతాదులో ఉన్నాను. ఏళ్ల తరబడి వాడుతున్నందున విటమిన్ బి12, మెగ్నీషియం ఎంత ఉన్నాయో అప్పుడప్పుడు పరీక్ష చేయించుకుంటున్నాను.

భోజనం తరువాత తాగే ఆల్జినేట్ సిరప్పు గురించి రెండు మాటలు. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే ఈ పదార్థం కడుపులోని ఆమ్లంతో కలిసి జిగురు తెప్పలా మారి, తిన్నదాని మీద తేలుతూ పైకి వచ్చేదానికి అడ్డుపడుతుంది. రాత్రి భోజనం తరువాత ఇది మంచి సాయం, ముఖ్యంగా ఆలస్యంగా తిన్న రోజుల్లో. పరుగుకు ముందు ఖాళీ కడుపుతో తాగితే మాత్రం నాకు ఏ ప్రయోజనమూ కనిపించలేదు. తెప్ప తేలాలంటే కింద ఏదో ఒకటి ఉండాలి కదా! కడుపులో సిరప్పు ఆడుతున్న ఇబ్బంది ఒక్కటే మిగిలింది.

వాలు దిండును ఐదు నెలలు వాడి పక్కన పెట్టేశాను. రాత్రంతా దాని మీదినుంచి జారుతూ, తెల్లవారేసరికి నడుము దగ్గర మడతపడి ఉండేవాణ్ని. అలా మడతపడితే పొట్ట మీద ఒత్తిడి తగ్గకపోగా పెరుగుతుంది. దాని బదులు మంచం తలవైపు కోళ్ల కింద 15 సెంటీమీటర్ల ఎత్తున్న చెక్క దిమ్మెలు పెట్టాను. దీనితో ఒళ్లంతా ఒకే వాలులో ఉంటుంది, మడత ఉండదు. మొదటి వారం కాళ్లవైపు జారుతున్నట్లనిపించింది, ఆ తరువాత అలవాటైపోయింది. వీలైనంతవరకు ఎడమవైపు తిరిగి పడుకుంటున్నాను. అలా పడుకుంటే అన్నవాహిక కలిసే చోటు కడుపులోని ద్రవం మట్టానికి పైన ఉంటుంది. నేను ఊహించనిది ఏమిటంటే, ఈ దిమ్మెల ఫలితం నిద్రలోకంటే మర్నాటి పరుగులో ఎక్కువగా కనిపించింది. రాత్రంతా ఆమ్లం తగిలి ఒరుసుకుపోయిన అన్నవాహికకు, పొద్దున పరుగులో ఒక చుక్క పైకి వచ్చినా నిప్పు తగిలినట్లుంటుంది. రాత్రి ప్రశాంతంగా గడిస్తే ఆ ఒక్క చుక్కను అది ఓర్చుకుంటుంది. పొడిదగ్గు కూడా ఈ దిమ్మెలతోనే తగ్గింది. ఇన్ని వస్తువుల్లో ఒక్కటే ఉంచుకోమంటే వీటినే ఉంచుకుంటాను.

నీళ్ల బెల్టు నేను కొన్నవాటిలో అన్నిటికంటే చెడ్డ కొనుగోలు. బిగిస్తే కడుపును నొక్కుతుంది, వదులు చేస్తే ఎగురుతుంది. నడుము దగ్గర బిగుతుగా పట్టే లాగులదీ ఇదే దోషం. బెల్టు తీసేసి చిన్న సీసా చేత్తో పట్టుకున్న రోజు నుంచే తేడా కనిపించింది.

ఇక వేగం. తిరిగి మొదలుపెట్టినప్పుడు పాత వేగాన్నే అందుకోవాలన్న ఆరాటం నన్ను రెండుసార్లు మొదటికి తెచ్చింది. మూడోసారి మూడు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక చొప్పున ఎనిమిది వారాలు చేశాను. గడియారంలో గుండె వేగానికి ఒక హద్దు పెట్టి, అది దాటితే మోగేలా అమర్చుకున్నాను. ప్రతి పరుగు తరువాత చిన్న పుస్తకంలో ఎన్నో నిమిషంలో మంట మొదలైంది, అప్పుడు గుండె వేగం ఎంత, చివరిసారి తిన్నది ఎప్పుడు అని రాసుకునేవాణ్ని. రెండు నెలల పుటలు తిరగేస్తే లెక్క తేటతెల్లమైంది. పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగే వేగంలో ఉన్నంతసేపు మంట అరుదు. మాట ముక్కలవుతున్న వేగంలో పదిహేను నిమిషాలు దాటితే దాదాపు ఖాయం. పల్లంలోకి దిగేటప్పుడు, గుండె వేగం తక్కువగా ఉన్నా, మంట వచ్చేది. అడుగు బరువుగా పడి కుదుపు ఎక్కువ కావడమే కారణమని గ్రహించి, పల్లంలో అడుగులు చిన్నవి చేసుకున్నాను.

వీటితోపాటు శ్వాస. రోజూ పది నిమిషాలు వెల్లకిలా పడుకుని, ఒక చెయ్యి ఛాతీ మీద, ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టి, పై చెయ్యి కదలకుండా కింది చెయ్యి మాత్రమే లేచేలా గాలి పీల్చడం సాధన చేశాను. వలయానికి బిగువునిచ్చే డయాఫ్రమ్‌కు ఇది వ్యాయామం. పరుగులో అలాంటి శ్వాస నిలబెట్టుకోవడానికి ఆరు నెలలు పట్టింది. పొట్ట కండరాల కోసం చేసే లేచి కూర్చునే వ్యాయామాలు మానేసి, మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు బల్లలా చాచి నిలిపే ప్లాంక్‌కు మారాను. మరో చిన్న సంగతి: పరుగుకు ముందు బూట్ల తాళ్లు కట్టడానికి నడుము వంచడంతోనే నాకు చాలాసార్లు గొంతులో పులుపు మొదలయ్యేది. ఇప్పుడు మెట్టు మీద కాలు పెట్టి, వీపు నిటారుగా ఉంచి కట్టుకుంటాను. ఇంత చిన్న మార్పు ఇంత మేలు చేస్తుందని ఎవరైనా చెబితే అప్పట్లో నమ్మేవాణ్ని కాను.

తిండి విషయంలో నా నియమాలు కొన్నే. కడుపునిండా తిన్నాక మూడు గంటలు గడవనిదే పరుగు లేదు, అలాగే పడక కూడా లేదు. కొవ్వు ఎక్కువున్న తిండి కడుపులో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ముందురోజు రాత్రి దానికి దూరం. గంటలోపు పరుగుకు ఏమీ తినను. అంతకు మించితే సగం అరటిపండు, అదీ ముప్పావు గంట ముందు. దారిలో తినే చక్కెర జెల్లులు ఒక్కసారిగా మింగితే గ్యారంటీగా మంటే. నాలుగోవంతు చొప్పున, ప్రతిసారీ రెండు గుక్కల మంచినీళ్లతో తీసుకుంటే ఓర్చుకోగలుగుతున్నాను. పరుగుకు ముందు కాఫీ మానుకోవలసి వచ్చింది. అది నాకు నిజంగా కష్టమైంది, ఇప్పటికీ కష్టంగానే ఉంది. నొప్పులకు ఐబుప్రొఫెన్ వేసుకోవడం పూర్తిగా ఆపేశాను, ఆ జాతి మందులు అన్నవాహికకూ కడుపుకూ రెండింటికీ చేటు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పలేను. వేగంగా పరుగెత్తే సాధన ఏడాది తరువాత మొదలుపెట్టినా, వారానికి ఒక్కసారికి మించి చేయలేకపోతున్నాను. పోటీ రోజున ఆందోళనతోనే కడుపు బిగుసుకుని, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా మంట వస్తుంది. పొద్దున గొంతు బొంగురు పూర్తిగా పోలేదు. ఇంకొకటి, నేను చేసినవన్నీ పరీక్షలు అయ్యాక చేసినవి. మింగడానికి అడ్డుపడుతున్నా, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, వాంతిలో రక్తం కనిపించినా, ఛాతీలో నొప్పి చేతికో దవడకో పాకుతున్నా ఈ సమీక్షలోని ఏ చిట్కా పనికిరాదు. వెంటనే వైద్యుణ్ని కలవాలి.

పోయిన నెలలో, నాలుగేళ్లకు పైగా విరామం తరువాత, 21 కిలోమీటర్లు పూర్తి చేశాను. పాత సమయంకంటే 19 నిమిషాలు ఎక్కువ పట్టింది. పదహారో కిలోమీటరు దగ్గర రొమ్ము ఎముక వెనక ఆ సన్నని వేడి మొదలైంది. వంగలేదు, ఆగలేదు, రెండు నిమిషాలు నిటారుగా నడుస్తూ పొట్టతో గాలి పీల్చాను, ఒక గుక్క నీళ్లు తాగాను, వేడి దిగింది. మిగిలిన దూరం పరుగెత్తాను.